పాస్టరుగారి ట్యాక్స్ రిటర్న్: సాఫ్ట్‌వేర్ తెరిచేముందు మినిట్స్ బుక్కు అడగండి

మీరడిగింది క్లుప్తంగా ఇదీ. ఇన్నాళ్లూ ఐటీ ఉద్యోగుల రిటర్నులు చేశారు. ఇప్పుడు అమెరికాలో మీ ఊళ్లోని చిన్న తెలుగు సంఘం పాస్టరుగారు తన 2025 రిటర్న్ చేసిపెట్టమన్నారు. చర్చి ఆయనకు 42,000 డాలర్లకు 1099-ఎన్‌ఈసీ (కాంట్రాక్టు పనివాళ్లకిచ్చే ఆదాయ పత్రం) చేతిలో పెట్టింది. అందులో 18,000 ఇంటి ఖర్చులకని ట్రెజరర్ నోటిమాటగా చెప్తున్నారు. అద్దె, కరెంటు, గ్యాస్, రెంటర్స్ ఇన్సూరెన్స్ అన్నీ కలిపి ఆయనకు ఏడాదికి 16,500 అయింది. భార్య, ఇద్దరు పిల్లలు. పెళ్లిళ్లకీ పండగలకీ కవర్లు వస్తుంటాయి. ఫీజు తీసుకోవాలా వద్దా అన్నది ఒకటి, మొత్తం షెడ్యూల్ సి (సొంత వ్యాపారం లెక్క చూపే ఫారం) లో వేసి పంపేయొచ్చా అన్నది మీ అసలు ప్రశ్న.

వద్దు, పంపకండి. నేను ఎన్‌రోల్డ్ ఏజెంట్‌ని, అంటే పన్నుల పనికి ఐఆర్‌ఎస్ (అమెరికా పన్నుల శాఖ) లైసెన్సు నాకుంది. పాస్టర్ల రిటర్నులు చాలాకాలంగా చేస్తున్నాను. వీళ్ల రిటర్న్ ఏప్రిల్లో మన కంప్యూటర్లో తయారవదు, అంతకుముందు ఏడాది డిసెంబరులో చర్చి కమిటీ మీటింగులోనే చాలావరకు తయారైపోతుంది. మనం చేసేది ఆ కాగితాలు వెతకడం, అవి చెప్పిందే ఫారాల్లోకి ఎక్కించడం. కాగితం లేకపోతే ఎంత మంచి సాఫ్ట్‌వేరున్నా దండగే.

ముందు పాస్టరుగారి స్థితి సంగతి. అమెరికా పన్ను చట్టంలో ఆయనకు రెండు వేషాలు. ఇన్‌కమ్ ట్యాక్స్ దగ్గర ఎక్కువమంది పాస్టర్లు చర్చికి ఉద్యోగులే. సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ దగ్గరికొచ్చేసరికి అదే మనిషి, అదే జీతం, సెల్ఫ్ ఎంప్లాయిడ్. ఇది ఆయన ఎంచుకునేది కాదు, చర్చి ఎంచుకునేది అంతకన్నా కాదు. అందుకని చర్చి ఆయనకు డబ్ల్యూ-2 (ఉద్యోగి జీతం పత్రం) ఇవ్వాలి కానీ అందులో సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ గడులు, అంటే 3 నుంచి 6 దాకా, ఖాళీగా ఉండాలి. ఆ రెండు పన్నులూ ఆయనే షెడ్యూల్ ఎస్‌ఈ (సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ పన్ను లెక్కించే ఫారం) ద్వారా మొత్తం 15.3 శాతం కట్టుకుంటారు. సగం చర్చి భరించే పద్ధతి పాస్టర్లకు లేదు.

1099 ఇవ్వడం చిన్న చర్చిల్లో మహా మామూలు. పేరోల్ పెట్టుకోనక్కర్లేదు, ఒక కాగితంతో పని అయిపోతుంది. కానీ 1994లో వెబర్ కేసులో ట్యాక్స్ కోర్టు ఒక మెథడిస్టు పాస్టరును ఉద్యోగిగానే తేల్చింది, ఆయన షెడ్యూల్ సి ఖర్చులు నిలబడలేదు. అదే సమయంలో షెల్లీ కేసులో వేరే శాఖ పాస్టరు ఉద్యోగి కాదని తీర్పొచ్చింది కాబట్టి ప్రతి సంఘంలోనూ పరిస్థితులు చూడాల్సిందే. మీ పాస్టరుగారికి నెల జీతం ఉంది, కమిటీ ఉంది, ఆదివారం ఎన్నింటికి ఎక్కడ ఆరాధన జరగాలో సంఘం నిర్ణయిస్తుంది. ఇది ఉద్యోగం కాదని వాదించడం కష్టం. ఆ 1099ని సున్నాకి సవరించి, బదులుగా డబ్ల్యూ-2 ఇమ్మని ట్రెజరర్‌ని అడగండి. మొదటి గడిలో 24,000, పద్నాలుగో గడిలో ఇంటి అలవెన్సు 18,000. ట్రెజరర్ సాధారణంగా జీతం లేకుండా, ఉద్యోగం చేసుకుంటూ ఈ పని చూస్తుంటారు. ఆయన్ని కసురుకుంటే ఫైలు ముందుకెళ్లదు. ఐఆర్‌ఎస్ పబ్లికేషన్ 517 ప్రింటు తీసి ఆ పేజీ చూపిస్తే చాలు.

దీనికి తిరగేసిన తప్పు కూడా చూస్తాను. చర్చి పాస్టరును మామూలు ఉద్యోగిలా చూసి సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కింద 7.65 శాతం పట్టి, తన వంతు 7.65 కట్టేస్తుంది. మంచి ఉద్దేశమే, కానీ తప్పు. దాన్ని 941-ఎక్స్ అనే పేరోల్ పన్ను సవరణ ఫారంతో సరిచేయించాలి. ఆయనకు సాయం చేయాలని చర్చికి నిజంగా ఉంటే అంత సొమ్ము జీతంలో కలిపి ఇవ్వొచ్చు. అదీ పన్ను పడే జీతమే.

ఇక ఇంటి అలవెన్సు. పాస్టర్ల రిటర్న్‌లో అన్నిటికన్నా విలువైన వెసులుబాటు ఇదే, అన్నిటికన్నా తేలిగ్గా పోగొట్టుకునేదీ ఇదే. సెక్షన్ 107 కింద, చర్చి ముందుగా ఇంటికని కేటాయించిన మొత్తానికి ఇన్‌కమ్ ట్యాక్స్ ఉండదు. ఈ ‘ముందుగా’ దగ్గరే చిన్న చర్చిలు దెబ్బతింటాయి. డబ్బు చేతికిచ్చే నాటికే కేటాయింపు జరిగి ఉండాలి. ఏడాది అయిపోయాక, "అందులో కొంత ఇంటికే అనుకుందాం" అని తీర్మానం రాసి పాత తేదీ వేయడం మోసం. అలాంటి కాగితం ఇస్తామంటే నేను ఆ రిటర్న్ చేయను, మీరూ చేయకండి.

అయితే కంగారు పడాల్సిన పనిలేదు. చట్టం అడిగేది ప్రత్యేకమైన ఫారమేమీ కాదు. నియామక పత్రంలో ఉన్నా, మినిట్స్‌లో ఉన్నా, సంఘం ఆమోదించిన బడ్జెట్లో ఒక లైనుగా ఉన్నా సరిపోతుంది. కాబట్టి ట్రెజరర్‌ని తీర్మానం ఉందా అని మాత్రమే అడిగి ఊరుకోకండి. చాలామంది లేదంటారు, వాళ్ల దృష్టిలో తీర్మానమంటే లాయరు రాసేది. 2024 డిసెంబరులో సంఘం ముందు పెట్టిన బడ్జెట్ షీట్ చూపించమనండి. అందులో ‘పాస్టరుగారి ఇంటి ఖర్చు 18,000’ అని ఒక వరుస ఉండి, సంఘం దాన్ని ఆమోదించినట్టు ఉంటే గట్టెక్కినట్టే. ఆ షీటు కాపీ, ఆ రోజు మీటింగు నోట్సు మీ ఫైల్లో పెట్టుకోండి. ఏమీ దొరక్కపోతే 2025కి ఆ 18,000 మామూలు జీతమే, డబ్ల్యూ-2 మొదటి గడిలో 42,000 రావాలి. పాస్టరుగారికి ఆ మాట చెప్పడం ఇబ్బందే, అయినా చెప్పాలి.

కేటాయింపు ఉందనుకుందాం. అప్పుడు కూడా 18,000 మొత్తానికి మినహాయింపు రాదు. మూడు లెక్కల్లో ఏది తక్కువైతే అదే: కేటాయించింది, నిజంగా ఖర్చయింది, సామాన్లతో సహా ఆ ఇంటికి మార్కెట్లో వచ్చే అద్దె ప్లస్ యుటిలిటీలు. అద్దె ఇంట్లో ఉండేవాళ్లకు మూడోది సాధారణంగా అడ్డురాదు. ఇల్లు కొనుక్కుని, పెద్ద డౌన్ పేమెంట్ కట్టిన ఏడాది మాత్రం అదే గొంతు పట్టుకుంటుంది. మీ పాస్టరుగారి విషయంలో ఖర్చు 16,500 కాబట్టి మినహాయింపు అంతే. మిగిలిన 1,500 ఫారం 1040లో 1హెచ్ లైనులో అదనపు అలవెన్సుగా చూపించాలి. ఖర్చు లెక్క మరోసారి గుచ్చి అడగండి. ఆయన అద్దె, బిల్లులే చెప్పి ఉంటారు. మంచం, సోఫా, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ రిపేరు ఇవన్నీ ఇందులోకి వస్తాయి. తిండి, పనిమనిషి ఖర్చు రావు. 1,500 తేడా తరచూ ఈ ప్రశ్నతోనే సగానికి తగ్గిపోతుంది.

సొంత ఇల్లున్న పాస్టర్లకు ఇంకో లాభం ఉంది. అలవెన్సుతో కట్టిన మార్ట్‌గేజ్ వడ్డీని, ప్రాపర్టీ ట్యాక్సును షెడ్యూల్ ఎ లో మళ్లీ తగ్గించుకోవచ్చు. వినడానికి రెండుసార్లు తిన్నట్టుంటుంది గానీ చట్టమే సెక్షన్ 265లో ఒప్పుకుంది. ఐటమైజ్ చేసేంత, అంటే ఖర్చులు విడివిడిగా చూపించి తగ్గించుకునేంత ఖర్చు ఉంటేనే లెండి. ఇంకొకటి, మినహాయింపు ఒక్క ఇంటికే. రెండో ఇంటికి కూడా కావాలన్న డ్రిస్కాల్ కేసును 2012లో పదకొండో సర్క్యూట్ అప్పీలు కోర్టు తోసిపుచ్చింది.

ఈ వెసులుబాటు రాజ్యాంగ విరుద్ధమని కోర్టు కొట్టేసిందట కదా అని కొందరు అడుగుతారు. 2017లో విస్కాన్సిన్‌లో ఒక జిల్లా కోర్టు అలా తీర్పిచ్చిన మాట నిజమే. 2019లో ఏడో సర్క్యూట్ ఆ తీర్పును తిప్పేసింది. వెసులుబాటు నిక్షేపంగా ఉంది. రాష్ట్ర పన్నుల్లో మాత్రం అన్నిచోట్లా ఒకే రూలు కాదు. ఉదాహరణకు పెన్సిల్వేనియా నగదు అలవెన్సుపై పన్ను వేస్తుంది.

ఇప్పుడు అసలు పన్ను. ఈ కుటుంబానికి ఇన్‌కమ్ ట్యాక్స్ లెక్క వేయండి: 24,000కి 1,500 కలిపితే 25,500. ఉమ్మడి రిటర్న్‌కి 2025 స్టాండర్డ్ డిడక్షనే 31,500. ఇన్‌కమ్ ట్యాక్స్ సున్నా. ఇక్కడ ఆగిపోయి, "అయ్యగారూ, మీకు పన్నే లేదు" అని సంతోషంగా ఫోన్ చేస్తే తర్వాత మొహం చెల్లదు. ఇంటి అలవెన్సుకు మినహాయింపు ఇన్‌కమ్ ట్యాక్స్ వరకే. షెడ్యూల్ ఎస్‌ఈ దగ్గర జీతం, అలవెన్సు మొత్తం 42,000 లెక్కలోకి వస్తుంది. దాన్ని 92.35 శాతం చేసి 15.3తో గుణిస్తే 5,934 డాలర్లు. చర్చి ఇచ్చిన ఇంట్లోనే పాస్టరు ఉచితంగా ఉంటున్నా అంతే, ఆ ఇంటి అద్దె విలువ ఎస్‌ఈలో కలుస్తుంది. సాఫ్ట్‌వేర్లు తడబడేది సరిగ్గా ఇక్కడే. డబ్ల్యూ-2 ఎంట్రీలో ‘క్లర్జీ’ టిక్ పెట్టకపోతే కొన్ని సాఫ్ట్‌వేర్లు ఎస్‌ఈ లెక్క అసలు వేయవు, పెట్టినా ‘జీతం మీదా, అలవెన్సు మీదా, రెండింటి మీదా’ అని అడిగే ప్రశ్నను జనం చదవకుండా దాటేస్తారు. ప్రింట్ చేసి షెడ్యూల్ ఎస్‌ఈ రెండో లైను మీ కళ్లతో చూడండి.

ఈ పన్నును తగ్గించే న్యాయమైన దారి ఒకటుంది, దాన్ని చాలామంది వదిలేస్తారు. ఆసుపత్రి దర్శనాలు, కుటుంబాల దగ్గర ప్రార్థనలు, పక్క ఊరి సంఘం అంటూ పాస్టరుగారు కారు తిప్పుతూనే ఉంటారు. ఉద్యోగి సొంత ఖర్చులకు ఇన్‌కమ్ ట్యాక్స్‌లో డిడక్షన్ 2018 నుంచి లేదు, 2025 చట్టం ఆ తలుపు శాశ్వతంగా మూసేసింది. కానీ ఎస్‌ఈ పన్ను లెక్కలో ఆ ఖర్చుల్ని ఇప్పటికీ తీసేయొచ్చు. 2025కి మైలుకు 70 సెంట్లు. 4,000 మైళ్ల లాగ్ ఉంటే 2,800 తగ్గి, ఎస్‌ఈ పన్ను 5,539కి దిగుతుంది. లాగ్ అంటే తేదీ, ఎక్కడికి, ఎందుకు, ఎన్ని మైళ్లు. ఇంటి నుంచి చర్చికి రోజూ వెళ్లొచ్చేది మామూలు కమ్యూటింగ్, అది రాదు. ఇంతకన్నా మంచిది, వచ్చే ఏడాది నుంచి చర్చి అకౌంటబుల్ ప్లాన్ పెట్టుకోవడం. ఖర్చయిన 60 రోజుల్లోపు రసీదులిచ్చి లెక్క చెప్పాలి, అడ్వాన్సులో మిగిలింది 120 రోజుల్లోపు తిరిగివ్వాలి. అలా చర్చి తిరిగిచ్చే డబ్బు డబ్ల్యూ-2లోకే రాదు, ఏ పన్నూ పడదు. నెలకు 300 పెట్రోలుకి అని లెక్క అడక్కుండా ఇచ్చేస్తే మాత్రం అది జీతమే.

పాస్టరు జీతం నుంచి చర్చి పన్ను పట్టకూడదని కాదు, పట్టాలన్న నిబంధన లేదు, అంతే. పాస్టరుగారు డబ్ల్యూ-4 (జీతంలోంచి ఎంత పన్ను పట్టాలో చెప్పే ఫారం) ఇచ్చి స్వచ్ఛందంగా ఇన్‌కమ్ ట్యాక్స్ కింద కొంత పట్టమని కోరవచ్చు, అది ఎస్‌ఈ పన్నుకూ జమ అవుతుంది. లేదంటే ఏప్రిల్, జూన్, సెప్టెంబరు, జనవరి 15లకు 1040-ఈఎస్ (అంచనా పన్ను వాయిదాల ఫారం) కింద ఒక్కోసారి దాదాపు 1,480 చొప్పున కట్టుకోవాలి. నాలుగు వాయిదాలు గుర్తుపెట్టుకునే పాస్టర్లను నేను తక్కువ చూశాను, కాబట్టి నా ఓటు మొదటిదానికే.

ఎవరో ఒకరు ఆయన చెవిలో ఈపాటికి ఫారం 4361 గురించి వేసే ఉంటారు: "ఒక ఫారం పంపిస్తే ఈ పదిహేను శాతం లేకుండా పోతుంది" అని. ఫారం ఉన్న మాట నిజం. కానీ అందులో సంతకం పెట్టేది, వృద్ధాప్యం, వైకల్యం, మరణం, వైద్యం లాంటివాటికి చెల్లించే ప్రభుత్వ బీమాను పరిచర్యకు ప్రతిఫలంగా స్వీకరించడానికి మనస్సాక్షి లేదా మత సూత్రాల రీత్యా నేను వ్యతిరేకం అని. డబ్బు మిగులుతుందని పెట్టే సంతకం కాదది. తనకు ఆర్డినేషన్ ఇచ్చిన సంస్థకు ఆ సంగతి తెలియజేయాలి. పరిచర్య మీద 400 డాలర్లు, ఆపైన సంపాదించిన రెండో ఏడాది రిటర్న్ గడువులోగా, ఎక్స్‌టెన్షన్‌తో సహా, పెట్టాలి. ఆ గడువు దాటితే ఇక అంతే. మంజూరయ్యాక వెనక్కి తీసుకోవడం మామూలుగా కుదరదు. మళ్లీ ఇది పరిచర్య ఆదాయానికే వర్తిస్తుంది, పక్కన చేసే వేరే ఉద్యోగానికి కాదు. నలభై క్రెడిట్లు (సోషల్ సెక్యూరిటీ పన్ను కట్టిన పనికి జమయ్యేవి) లేకుండా అరవై అయిదుకి చేరిన పాస్టరు మెడికేర్ పార్ట్ ఎ కి నెలనెలా ప్రీమియం కట్టుకోవాల్సి వస్తుంది. సోషల్ సెక్యూరిటీ చెక్కూ ఉండదు. నిజమైన నమ్మకంతో అడిగేవాళ్ల విషయంలో నాకు అభ్యంతరం లేదు. మిగతావాళ్లకు నేను ఆ ఫారం నింపను. మీ దగ్గరికొచ్చిన ఆయన ఇప్పటికే తీసుకున్నారేమో తప్పక అడగండి. ఐఆర్‌ఎస్ ఆమోదించిన కాపీ చూశాకే ఎస్‌ఈ వదిలేయండి. ‘ఎప్పుడో పంపాను’ సరిపోదు.

కవర్ల విషయం. పెళ్లి చేయించినందుకు, గృహ ప్రతిష్ఠ ప్రార్థనకు, భూస్థాపనకు కుటుంబాలు నేరుగా ఇచ్చేది షెడ్యూల్ సి ఆదాయం. దాని ఖర్చుల్లో ఇంటి అలవెన్సు నిష్పత్తికి సరిపడా భాగాన్ని ఇన్‌కమ్ ట్యాక్స్‌కి ఒప్పుకోరు. 1964 నాటి డీసన్ కేసు నుంచి ఉన్న రూలది. పన్ను లేని ఆదాయానికి సంబంధించిన ఖర్చు తగ్గించుకోకూడదని దాని తర్కం. ఎస్‌ఈ లెక్కలో అలవెన్సుకు పన్ను ఉంది కాబట్టి అక్కడ పూర్తి ఖర్చు చెల్లుతుంది.

క్రిస్మస్‌కీ పాస్టరుగారి పుట్టినరోజుకీ సంఘంలో ప్రకటన చేసి పళ్లెం తిప్పి ఇచ్చే ప్రేమ కానుక వేరు. ‘అది కానుక కదా, పన్నెందుకు’ అంటారు. 1995లో గుడ్విన్ కేసులో ఎనిమిదో సర్క్యూట్ ఇలాంటి సామూహిక కానుకలు ఆదాయమేనని తేల్చింది. 2018లో ఫెల్టన్ కేసులో నీలం కవర్లలో పాస్టరుకు నేరుగా వేసిన డబ్బునూ ట్యాక్స్ కోర్టు అలాగే చూసింది. ఏటా క్రమం తప్పకుండా, సంఘం నిర్వహించి ఇచ్చేది జీతమే. చర్చి ఖాతా ద్వారా వస్తే డబ్ల్యూ-2లో కలపాలి. ఒక అక్కయ్య తన సొంత ప్రేమతో పాస్టరమ్మగారికి చీర పెడితే దాన్ని తీసుకొచ్చి షెడ్యూల్లో వేయనక్కర్లేదు, ఆ తేడా మీరే గ్రహించగలరు. ఇంకొకటి, తన జీతంలోంచి దశమభాగం చర్చికే తిరిగిచ్చేస్తాను కాబట్టి జీతం ఆ మేరకు తగ్గించి చూపమని కొందరు పాస్టర్లు అడుగుతారు. కుదరదు. అది చారిటబుల్ డొనేషన్, 2025లో ఐటమైజ్ చేస్తేనే ఉపయోగం.

మన తెలుగు సంఘాల్లో తప్పకుండా చూడాల్సింది వీసా. పాస్టరుగారు ఆర్-1 (మత పరిచారకుల వీసా) మీద వచ్చి సబ్‌స్టాన్షియల్ ప్రెజెన్స్ టెస్ట్ (అమెరికాలో ఉన్న రోజుల లెక్క) దాటితే పన్నుల విషయంలో రెసిడెంటే, ఎస్‌ఈ పన్ను పడుతుంది. ఇండియాతో అమెరికాకు టోటలైజేషన్ (రెండు దేశాల్లోనూ సోషల్ సెక్యూరిటీ పన్ను పడకుండా చూసే) ఒప్పందం లేదు కాబట్టి తప్పించుకునే దారి లేదు. నాన్ రెసిడెంట్‌గా ఉన్న ఏడాదికి మాత్రం ఎస్‌ఈ పన్ను రాదు. భార్య, పిల్లలు ఆర్-2 మీద ఉంటే సాధారణంగా వాళ్లకు సోషల్ సెక్యూరిటీ నంబరు ఉండదు, ఐటిన్ (పన్నుల కోసం మాత్రమే ఇచ్చే నంబరు) తీసుకోవాలి. ఉమ్మడి రిటర్న్‌లో భార్యకు ఐటిన్ ఉంటే ఎర్న్డ్ ఇన్‌కమ్ క్రెడిట్ (తక్కువ సంపాదన ఉన్నవాళ్లకిచ్చే పన్ను రాయితీ) మొత్తం పోతుంది. ఐటిన్ ఉన్న పిల్లలకు చైల్డ్ ట్యాక్స్ క్రెడిట్ బదులు తలా 500 డాలర్ల డిపెండెంట్ క్రెడిట్టే. అందరికీ నంబర్లుండి ఎర్న్డ్ ఇన్‌కమ్ క్రెడిట్ వచ్చేట్టయితే, దాని ఆదాయం లెక్కలో ఇంటి అలవెన్సు కూడా కలుస్తుంది, 4361 మంజూరైనవాళ్లకు తప్ప. ఈ పాస్టరుగారి ఆదాయం స్థాయిలో అలా కలపడం వల్ల క్రెడిట్ తగ్గుతుంది, జీతం మరీ తక్కువున్న పాస్టర్లకు పెరగొచ్చు. ఇండియాలో ఆయన పేరు మీదున్న బ్యాంకు ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటాయేమో కూడా అడగండి. అక్కడి పరిచర్య కోసం పంపిన డబ్బు ఆయన సొంత ఖాతాలోనే పడి ఉండటం చూస్తుంటాం, దాటితే ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల రిపోర్టు) పెట్టాలి.

పగలు వేరే కంపెనీలో ఉద్యోగం చేస్తూ ఆదివారం వాక్యం చెప్పే పాస్టర్లకు ఒక చిన్న మేలు. కంపెనీ జీతం మీద అప్పటికే సోషల్ సెక్యూరిటీ పన్ను కోసేశారు. రెండూ కలిపి 2025 పరిమితి 176,100 దాటితే, దాటిన చర్చి ఆదాయం మీద ఎస్‌ఈలోని 12.4 శాతం భాగం పడదు, మెడికేర్ 2.9 మాత్రమే. కంపెనీ వీసా మీద ఉన్నవాళ్లు చర్చి నుంచి జీతం తీసుకోవచ్చా అనేది ఇమిగ్రేషన్ లాయరును అడగాల్సిన ప్రశ్న, మనది కాదు.

ఫీజు తీసుకోవాలా వద్దా అన్నారు. తీసుకుంటే మీకు పీటిన్ (రిటర్నులు చేసేవాళ్లకు ఐఆర్‌ఎస్ ఇచ్చే నంబరు) ఉండాలి, సంతకం చేయాలి, ఎర్న్డ్ ఇన్‌కమ్, చైల్డ్ ట్యాక్స్ లాంటి క్రెడిట్లు క్లెయిమ్ చేస్తే ఫారం 8867 కూడా పెట్టాలి. ఉచితంగా చేసినా తప్పులేదు. వాలంటీర్లు ఉచితంగా రిటర్నులు చేసే వీటా సెంటర్‌కి పంపేద్దామనుకుంటే మాత్రం కుదరదు, పాస్టర్ల ఇంటి అలవెన్సు ఉన్న రిటర్నులు వాళ్ల పరిధిలోకి రావు.

ట్రెజరర్ దగ్గర బడ్జెట్ షీటు దొరికిందో లేదో ఇక్కడే రాయండి. దొరక్కపోతే ఇంకో పని ఈ వారమే చేయించండి. సంఘ కమిటీ కూర్చుని, ఈ తేదీ నుంచి పాస్టరుగారి వేతనంలో నెలకు ఇంత ఇంటి అలవెన్సుగా కేటాయిస్తున్నాం, మార్చేవరకు రాబోయే సంవత్సరాలకూ ఇదే వర్తిస్తుంది అని రెండు వాక్యాలు మినిట్స్‌లో రాసి సంతకాలు పెట్టాలి. జరిగిపోయిన నెలలకు అది పనిచేయదు, మిగిలిన నెలలకు పనిచేస్తుంది. అంకె కాస్త ఎక్కువే వేయించండి. ఎక్కువైతే మిగిలింది జీతంలో కలుస్తుంది, తక్కువైతే ఆ తేడాకు మినహాయింపు తెచ్చుకునే దారి లేదు.